చేతికి తగలని పాట

నాకు సైన్స్ ఫిక్షన్ సినిమాల పిచ్చి ఉందని మా హాస్టల్ బ్లాక్‌లో అందరికీ తెలుసు. అయితే ఆ సినిమాల్లో నన్ను ముందుగా పట్టుకునేది కథా కాదు, గ్రాఫిక్సూ కాదు, సౌండ్. బ్లేడ్ రన్నర్ మొదలవగానే చీకట్లో మహానగరం, గొట్టాల్లోంచి ఎగసిపడే మంటలు, వాటి కింద వాంజెలిస్ సింథసైజర్... ఆ కాసేపటి కోసమే ఆ సినిమా ఎన్నిసార్లు పెట్టుకున్నానో లెక్క లేదు. సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు తెనాలిలో రేపల్లె రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఇక ఇయర్‌ఫోన్స్ తియ్యను. బయట కాలవలు, వరిచేలు. చెవుల్లో వేరే గ్రహం. రేపల్లెతో రైలు లైను అయిపోతుంది, నా ప్లేలిస్ట్ మాత్రం అవదు.

ఒక సెలవుల్లో ఆ ప్లేలిస్ట్‌ని వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఇప్పటి సినిమాల నుంచి 1982కి, అక్కణ్ణించి 1971కి, తర్వాత 1956కి, 1951కి. వెనక్కి వెళ్ళేకొద్దీ సౌండ్‌లోంచి ఒక్కో పొరా రాలిపోయింది. చివరికి ఒక్కటే మిగిలింది. ఊఁ...ఊఁ అంటూ సన్నగా వణుకుతూ, ఆడగొంతో వయొలినో తేల్చుకోనివ్వకుండా సాగే ఒక స్వరం. మీరూ వినే ఉంటారు. పాత సినిమాల్లో ఎగిరే పళ్ళెం దిగినా అదే, కార్టూన్లలో దయ్యం వచ్చినా అదే. ఆ వాయిద్యం పేరు థెరెమిన్. దాన్ని తయారుచేసినాయన పేరు లెవ్ సెర్గెయెవిచ్ టెర్మెన్. రష్యా బయట ఆయన్ని లియాన్ థెరెమిన్ అన్నారు. కలగాపులగం కాకుండా ఇక్కడ మనిషిని టెర్మెన్ అని, వాయిద్యాన్ని థెరెమిన్ అని రాస్తాను.

మన పత్రికలో కవుల జీవితాలు, సినిమావాళ్ళ జీవితాలు చదువుతుంటాం. ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళం కదా, ఒక ఇంజినీరు జీవితం కూడా ఉంటే బాగుంటుందనిపించింది. పైగా ఈయన కథ తెలిశాక ఆ సౌండ్ నాకు ముందులా వినపడటం లేదు.

కొలత పెట్టెలోంచి కూత

టెర్మెన్ 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి ఆయనకి రెండే లోకాలు. ఒకటి కరెంటు, రెండోది చెల్లో. చెల్లో అంటే వయొలిన్‌కి పెదనాన్న లాంటి వాయిద్యం, కుర్చీలో కూర్చుని నేలకి ఆనించి వాయిస్తారు. గొంతు లోతుగా, మనిషి పాడినట్టే ఉంటుంది. యూనివర్సిటీలో ఫిజిక్స్, సంగీత కళాశాలలో చెల్లో, రెండూ చదువుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం రేడియో పనుల్లో పెట్టింది. విప్లవం వచ్చాక అబ్రామ్ ఇయోఫే అనే పేరున్న శాస్త్రవేత్త తన ఫిజిక్స్ సంస్థలోకి పిలిచాడు.

అక్కడ 1920లో టెర్మెన్‌కి అప్పజెప్పిన పనిలో సంగీతం ఊసే లేదు. పీడనం, వేడి మారినప్పుడు ఒక గ్యాస్ విద్యుత్ గుణం ఎంత మారుతుందో కొలిచే పరికరం చెయ్యాలి, అంతే. ఆయన ఆ మార్పు చెవికి తెలిసేలా పరికరానికి ఒక ఇయర్‌ఫోన్ తగిలించాడు. గ్యాస్ మారితే కూత మారుతుంది. పని బాగానే నడిచింది, ఒక్క తిరకాసు తప్ప. గ్యాస్‌లో ఏ మార్పూ లేకపోయినా, మనిషి చెయ్యి దగ్గరికొస్తే చాలు కూత మారిపోతోంది.

ఇంకొకరైతే విసుక్కుని, పరికరం చుట్టూ రేకు తొడిగి ఆ గొడవ వదిలించుకునేవారు. ఈయన చెల్లో వాయించే మనిషి. చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తనకి తెలిసిన రాగాలు అందులో వెతకడం మొదలుపెట్టాడు. దొరికాయి. తోటివాళ్ళు పని మానేసి చుట్టూ చేరారు.

సంగతేమిటో మన ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్ పాఠంతో చెప్పొచ్చు. ఒక కాయిల్, ఒక కెపాసిటర్ కలిస్తే ఆసిలేటర్. కెపాసిటెన్స్ పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. కరెంటు దృష్టిలో మన ఒళ్ళు కూడా ఒక ప్లేటే. కాబట్టి యాంటెనా దగ్గర చెయ్యి పెడితే కెపాసిటెన్స్ పిసరంత పెరుగుతుంది. ఆ పిసరు చెవికి వినపడాలంటే రెండు ఆసిలేటర్లు కావాలి. ఒకటి సెకనుకి 1,70,000 సార్లు స్థిరంగా ఊగుతోంది అనుకుందాం. రెండోది చేతిని బట్టి 1,69,560కి దిగింది. ఈ రెండూ మన చెవికి అందవు, మనకి 20,000 దాటితే ఏమీ వినపడదు. కానీ రెంటినీ కలిపితే వాటి తేడా, 440, బయటికొస్తుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు కచేరీకి ముందు శ్రుతి చేసుకునే స్వరం అదే. చెయ్యి ఇంకా దగ్గరికి తెస్తే తేడా పెరుగుతుంది, స్వరం పైకెక్కుతుంది.

మా తాతయ్యకి ఇది చెబితే ఆయనకి కొత్తగా ఏమీ అనిపించలేదు. పాత రేడియోలో విజయవాడ స్టేషన్ కోసం ముల్లు తిప్పుతుంటే మధ్యలో కుయ్‌మని కూత వచ్చేదట, మనిషి కదిలితే ఆ కూత కూడా కదిలేదట. రెండు తరంగాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే వచ్చే కూతే అది. ఊరందరూ విసుక్కున్న ఆ కూతనే టెర్మెన్ పాట చేశాడన్నమాట.

నేను సీఎస్ఈ కాబట్టి సోల్డరింగ్ జోలికి పోకుండా పైథాన్‌లో రాసి చూశాను. రెండు సైన్ వేవ్‌లు, ఒక గుణకారం, ఒక లో-పాస్ ఫిల్టర్. ఇరవై లైన్లు లేవు. స్పీకర్ ఆన్ చేసి మౌస్ జరిపితే రాత్రి పదకొండింటికి మా గదిలోకి ఎగిరే పళ్ళెం దిగింది. పక్క మంచం వాడు లేచి కూర్చున్నాడు. కూత రావడం తేలికే, పాట రావడమే కష్టం. వీణకి మెట్లున్నాయి, హార్మోనియంకి రీడ్లున్నాయి. థెరెమిన్‌కి ఏదీ లేదు. కుడి చెయ్యి గాల్లో నిలువు కడ్డీ దగ్గర స్వరాన్ని పట్టుకోవాలి, ఎడమ చెయ్యి పక్కనున్న రింగు దగ్గర శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ఒళ్ళు కాస్త ఊగినా శ్రుతి తప్పుతుంది. చెవి ఒక్కటే దిక్కు.

పాడే సర్క్యూట్, కాపలా కాసే సర్క్యూట్

1922లో టెర్మెన్‌ని క్రెమ్లిన్‌కి పిలిపించారు. లెనిన్‌కి ఈ వాయిద్యం చూపించాడు, లెనిన్ తనే చెయ్యి పెట్టి వాయించాడు కూడా. అదే రోజు ఇంకో పరికరం కూడా చూపించాడు. దొంగ దగ్గరికొస్తే గంట మోగే అలారం. లోపల సూత్రం రెంటికీ ఒకటే, మనిషి దగ్గరికొస్తే కెపాసిటెన్స్ మారుతుంది. ఒక పెట్టె దానికి పాడుతుంది, ఇంకో పెట్టె అరుస్తుంది. ఈ మనిషి జీవితమంతా ఈ రెండు పెట్టెల మధ్యే నడిచిందని నాకనిపిస్తుంది. అందుకే ఈ సంగతి గుర్తుంచుకోమంటున్నాను.

1927లో సోవియట్ ప్రభుత్వం ఆయన్ని యూరప్ పర్యటనకి పంపింది. బెర్లిన్, లండన్, పారిస్ హాళ్ళు కిక్కిరిశాయి. తీగ లేదు, మీట లేదు, గాల్లో చేతులు తిప్పుతుంటే సంగీతం. ఆ ఏడాది చివర్లో న్యూయార్క్‌లో దిగాడు. అక్కడ ఆయన పని ఒక్క కచేరీలే కాదు. అమెరికా పరిశ్రమల సంగతులు తన దేశానికి చేరవేసేవాణ్ణని ముసలితనంలో తనే చెప్పుకున్నాడు.

1928లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆర్‌సీఏ కంపెనీ హక్కులు కొని, 1929లో ఇంటింటికీ ఒక థెరెమిన్ అన్నట్టు అమ్మకానికి పెట్టింది. కూనిరాగం తీయగలిగిన వాళ్ళెవరైనా దీన్ని వాయించగలరని ప్రకటనలిచ్చింది. ఎంత అబద్ధమో మౌస్‌తో తంటాలు పడ్డ నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. సుమారు 500 తయారుచేసి ఆపేశారు.

టెర్మెన్ మాత్రం ఆగలేదు. న్యూయార్క్‌లో ఆయన స్టూడియో ఒక చిన్న సైన్స్ ఫిక్షన్ సినిమా సెట్ లాంటిది. ఐన్‌స్టీన్ వయొలిన్ పట్టుకుని వచ్చేవాడు. 1931లో హెన్రీ కోవెల్ అనే సంగీతకారుడి కోసం రిథమికాన్ అనే యంత్రం చేశాడు. మీటలు నొక్కితే ఒకేసారి రకరకాల తాళాలు కొట్టే యంత్రం. ఇప్పుడు మనం ల్యాప్‌టాప్‌లో బీట్లు వేసుకుంటాం చూడండి, ఆ వంశానికి మూలపురుషుడు అదే. డాన్సర్ ఒళ్ళు కదిపితే దాన్ని బట్టి స్వరం మారే వేదిక కూడా చేశాడు.

ఆ స్టూడియోకి క్లారా రైజెన్‌బర్గ్ అనే అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడే వయొలిన్‌లో పేరు తెచ్చుకుని, చేతి జబ్బు వల్ల వదిలెయ్యాల్సి వచ్చిన మనిషి. ముట్టుకోనక్కర్లేని వాయిద్యం ఆమెకి మళ్ళీ సంగీతాన్నిచ్చింది. ఒక్కో వేలూ విప్పుతూ ముడుస్తూ స్వరాల్ని విడివిడిగా పలికించే పద్ధతి ఆమె కనిపెట్టింది. ఆమె అడిగినట్టల్లా టెర్మెన్ వాయిద్యాన్ని మార్చి ఇచ్చాడు. ఆమె పద్దెనిమిదో పుట్టినరోజుకి, దగ్గరికి వెళ్తే తనంతట తనే తిరిగే కేకు చేశాడు. మళ్ళీ అదే కెపాసిటెన్స్! పెళ్ళి చేసుకుందామని అడిగాడు, ఆమె ఒప్పుకోలేదు. రాక్‌మోర్ అనే లాయర్ని పెళ్ళాడి క్లారా రాక్‌మోర్ అయింది. ఆ పేరుతో ఆమె వాయించిన రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి. విని చూడండి, అందులో ఎక్కడా దయ్యాలుండవు.

తర్వాత టెర్మెన్ లావీనియా విలియమ్స్ అనే నల్లజాతి నర్తకిని పెళ్ళి చేసుకున్నాడు. ఆనాటి అమెరికాలో అది మామూలు విషయం కాదు. అప్పటిదాకా చుట్టూ తిరిగిన గొప్పవాళ్ళు చాలామంది మొహం చాటేశారు. అప్పులు పేరుకున్నాయి. 1938లో ఒకరోజు ఆయన సోవియట్ ఓడెక్కి వెళ్ళిపోయాడు. తనంతట తనే వెళ్ళాడా, ఎవరైనా పట్టుకుపోయారా అన్నది నేటికీ వాదనే. లావీనియాని ఆ తర్వాత చూడలేదు.

ఆయన చెవిన పడని సినిమా

మాస్కోలో ఆయన కోసం ఎవరూ పూలదండలు పట్టుకుని లేరు. అది స్టాలిన్ కాలం. 1939లో అరెస్టు చేశారు. ఎనిమిదేళ్ళ శిక్ష. సైబీరియా తూర్పు కొసన కొలిమా చలిలో గనుల దగ్గరికి పంపారు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో వేలమంది తిరిగి రాలేదు. టెర్మెన్‌ని ఆయన చదువు కాపాడింది. ఖైదీ ఇంజినీర్ల చేత పని చేయించుకునే జైలు లాబొరేటరీ ఒకటి ఉంది, అక్కడికి మార్చారు. విమానాల రూపశిల్పి టూపొలెవ్ అక్కడే ఖైదీ, తర్వాత 1957లో స్పుత్నిక్‌ని అంతరిక్షానికి పంపిన కొరొల్యోవ్ కూడా అక్కడే. న్యూయార్క్‌లో మాత్రం టెర్మెన్ చనిపోయాడనే అనుకున్నారు.

ఇక 1945 సంగతి చూడండి. ఆ ఏడాది హాలీవుడ్‌లో హిచ్‌కాక్ తీసిన స్పెల్‌బౌండ్ వచ్చింది. హీరోకి మతి తప్పినట్టయ్యే చోటల్లా మిక్లోష్ రోజా థెరెమిన్ పెట్టాడు. వాయించింది శామ్యూల్ హాఫ్‌మన్ అనే పాదాల డాక్టరు. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. థెరెమిన్ అంటే భయం, పిచ్చి, వింత అన్న ముద్ర అక్కడ గట్టిగా పడింది.

అదే 1945 ఆగస్టులో మాస్కోలో సోవియట్ బడిపిల్లలు అమెరికా రాయబారికి ఒక బహుమతి ఇచ్చారు. కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్ర. రాయబారి దాన్ని తన గదిలో గోడకి తగిలించుకున్నాడు. దాని లోపల టెర్మెన్ చేసిన పరికరం ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి రేడియో కిరణం దాని మీదికి పంపినప్పుడే ప్రాణం వచ్చేది. గదిలో ఎవరైనా మాట్లాడితే అందులోని పల్చటి పొర కంపించేది, కెపాసిటెన్స్ మారేది, వెనక్కి తిరిగొచ్చే కిరణం ఆ మాటల్ని మోసుకొచ్చేది. మన కాలేజీ ఐడీ కార్డుల్లో బ్యాటరీ లేని చిప్ రీడర్ దగ్గరికెళ్తేనే పలుకుతుందే, దానికి ఇది తాత వరస అవుతుంది. అమెరికా వాళ్ళు ఆ కొయ్య ముద్ర సంగతి కనిపెట్టింది 1952లో. అంటే ఏడేళ్ళు అది గోడ మీద నుంచి వింటూనే ఉంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మనిషి చేతికి స్పందించే పెట్టె హాలీవుడ్‌లో భయపెడుతోంది, మనిషి గొంతుకి స్పందించే పెట్టె మాస్కోలో దొంగచాటుగా వింటోంది. రెండూ ఒక్క బుర్రలోంచి వచ్చినవే. ఆ బుర్ర మాత్రం జైల్లో ఉంది. పాడాలని మొదలుపెట్టిన మనిషికి పాట పక్కకి పోయి చెవి మిగిలింది. 1947లో ఆయన్ని విడుదల చేసి స్టాలిన్ బహుమతి ఇచ్చారు. విడుదలయ్యాక కూడా చాలా ఏళ్ళు నిఘా సంస్థ కోసమే పనిచేశాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, కవల ఆడపిల్లలు పుట్టారు.

1951 సైన్స్ ఫిక్షన్ అభిమానులకి పెద్ద సంవత్సరం. రాబర్ట్ వైజ్ తీసిన ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్ అప్పుడే వచ్చింది. బెర్నార్డ్ హెర్మన్ మామూలు వయొలిన్ల దండుని పక్కన పెట్టి, రెండు థెరెమిన్లు, ఎలక్ట్రిక్ వయొలిన్, ఎలక్ట్రిక్ గిటార్, ఆర్గన్లు, ఇత్తడి బూరలు తెచ్చిపెట్టాడు. పళ్ళెం వాషింగ్టన్‌లో దిగుతుంటే మొదలయ్యే ఆ వణుకు ఇప్పటి సినిమాల దాకా వస్తూనే ఉంది. అదే ఏడాది మన దగ్గర పాతాళ భైరవి ఆడుతోంది. మా పక్కనున్న తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు తీసిన సినిమా. వింతని చూపించడానికి అమెరికా వాళ్ళకి ఆకాశం నుంచి దిగే పళ్ళెం కావాల్సి వచ్చింది. మనకి ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడు సరిపోయాడు. మా తాతయ్య తరం మాంత్రికుణ్ణి చూసి ఎలా నోరెళ్ళబెట్టిందో, అక్కడి పిల్లలు ఆ స్వరం విని అలాగే నోరెళ్ళబెట్టారు.

ఆ సినిమా నేను చాలాసార్లు చూశాను. అందులో క్లాటూ అనే గ్రహాంతర మనిషి మనల్ని ఆక్రమించడానికి రాడు. మీలో మీరు చంపుకుంటే చంపుకోండి, ఆ ఆయుధాలు అంతరిక్షంలోకి తెస్తే ఊరుకోం అని హెచ్చరించడానికి వస్తాడు. వచ్చీ రాగానే సైనికుడొకడు తుపాకీ పేలుస్తాడు. పరాయివాడు అనగానే ముందు భయం. థెరెమిన్‌కి జరిగింది కూడా అదే కదా! చెల్లోలా పాడాలని పుట్టిన వాయిద్యం, కొత్త గొంతు కాబట్టి, పరాయి గొంతు అయిపోయింది.

1956లో వచ్చిన ఫర్బిడెన్ ప్లానెట్ ఇంకో అడుగు వేసింది. లూయీ, బేబీ బారన్ అనే దంపతులు సొంతంగా సర్క్యూట్లు కట్టి, అవి కాలిపోయేదాకా అరిపించి, ఆ అరుపుల్ని టేపు మీద రికార్డు చేసి సినిమా మొత్తం ఎలక్ట్రానిక్ సంగీతంతో నింపారు. అందులో ఉన్నది థెరెమిన్ అని చాలామంది అనుకుంటారు, కాదు. కానీ అలా అనుకుంటారంటేనే ఆ గొంతు ఎంత లోతుగా నాటుకుందో చూడండి.

చనిపోయాడనుకున్న మనిషి

ఇంతలో అమెరికాలో రాబర్ట్ మోగ్ అనే కుర్రాడు 1949 ప్రాంతంలో తండ్రితో కలిసి ఇంట్లో థెరెమిన్ కట్టాడు. అప్పటికి వాడికి పద్నాలుగూ పదిహేనేళ్ళు. తర్వాత థెరెమిన్లు చేసి అమ్మాడు. ఆ అనుభవంతోనే 1964లో సింథసైజర్ తెచ్చాడు. వెండీ కార్లోస్ దాని మీద బాక్ సంగీతం వాయించి, ఆ తర్వాత 1971లో ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్‌కి, 1982లో ట్రాన్‌కి సంగీతం చేసింది. అంటే తెనాలి రైల్లో నా చెవుల్లో మోగేవాటికి వంశవృక్షం గీస్తే వేరు ఆ గ్యాస్ కొలిచే పెట్టె దగ్గర తేలుతుంది.

టెర్మెన్‌కి ఇవేవీ తెలియవు. 1960ల్లో ఆయన మాస్కో సంగీత కళాశాలలో చేరి మళ్ళీ వాయిద్యాలు చేసుకుంటున్నాడు. 1967లో న్యూయార్క్ టైమ్స్ సంగీత విమర్శకుడు హెరాల్డ్ షోన్‌బర్గ్ ఆ కళాశాలకి వెళ్ళి, ముప్పై ఏళ్ళ కిందట మాయమైన మనిషి అక్కడ పని చేసుకుంటుంటే చూశాడు. పత్రికలో రాశాడు. అమెరికాలో అందరూ సంబరపడ్డారు. మాస్కోలో పెద్దలకి మాత్రం ఈ ప్రచారం నచ్చలేదు. ఉద్యోగం పోయింది. వాయిద్యాల్ని బయట పారేశారు, పగలగొట్టారు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో చిన్న ఉద్యోగంలో చేరాడు.

కొలిమా కన్నా ఈ భాగమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. శిక్ష పడ్డప్పుడు ఆయన వాయిద్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు పగలగొట్టారు. అయినా ఆయన మానలేదు. బంధువుల పిల్ల లిడియా కవీనాకి తొమ్మిదేళ్ళప్పుడు థెరెమిన్ నేర్పడం మొదలుపెట్టాడు. పగలగొట్టడానికి వీల్లేని చోట, ఒక పిల్ల చెవిలో, దాచాడనుకోవచ్చు.

1989లో, దేశం తలుపులు తెరిచాక, ఫ్రాన్స్‌లో బూర్జ్ అనే ఊళ్ళో జరిగే ఎలక్ట్రానిక్ సంగీతోత్సవానికి వెళ్ళాడు. 1991లో కూతురితో కలిసి అమెరికా వెళ్ళాడు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సన్మానం చేశారు. న్యూయార్క్‌లో క్లారా రాక్‌మోర్‌ని కలిశాడు. తను వదిలేసి వెళ్ళిన వాయిద్యం ఏం సాధించిందో తొంభై అయిదేళ్ళ వయసులో కళ్ళారా చూశాడు. మన సింగీతం శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 విడుదలైంది కూడా ఆ ఏడాదే. ఇక్కడ తెర మీద బాలకృష్ణ గారు టైమ్ మెషిన్‌లో రాయల కాలానికి వెళ్తుంటే, అక్కడ నిజంగానే ఒకాయన 1938లో ఎక్కిన ఓడ దిగి 1991లోకి వచ్చినట్టుంది.

1993 నవంబర్ 3న మాస్కోలో కన్నుమూశాడు. 97 ఏళ్ళు. మర్నాడు నుంచైనా ఆ వాయిద్యానికి దయ్యం వేషం పోయిందా అంటే, లేదు. 1994లో టిమ్ బర్టన్ ఎడ్ వుడ్ తీశాడు. చవకబారు ఎగిరే పళ్ళాల సినిమాలు తీసిన ఒక దర్శకుడి కథ. హోవర్డ్ షోర్ సంగీతంలో థెరెమిన్ వాయించింది ఎవరో తెలుసా? లిడియా కవీనా. ఆమె వాయిస్తే ఆ వెక్కిరింపు సంగీతంలో కూడా ఒక దిగులు వినిపిస్తుంది.

ఆ గొంతు ఎక్కడిదాకా వెళ్ళింది

మనం నాలుగేళ్ళు చదివి ఏవో తయారుచేస్తాం. అవి ఏమవుతాయో మన చేతిలో ఎంతవరకు ఉంటుంది? ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్ట్ చేస్తున్నప్పుడు నాకు టెర్మెన్ రెండు పెట్టెలు గుర్తొస్తాయి. అదే కోడ్ ఫోన్ తెరుస్తుంది, అదే కోడ్ ఊరేగింపులో మనిషిని వెతికి పట్టిస్తుంది. టెర్మెన్‌ని మహాత్ముడని నేను అనను. ఆయన చెవులు పెట్టిన గదుల్లో మాట్లాడుకున్న వాళ్ళకి ఆయన మీద వేరే అభిప్రాయం ఉంటుంది. కానీ ఆయన చేసినవాటిలో దొంగచాటుగా వినే పెట్టె ఇప్పుడు మ్యూజియం సంగతి. పాడే పెట్టె ఇంకా పాడుతోంది. నాకు కాస్త ధైర్యమిచ్చేది అదే.

ఎక్కడిదాకా పాడిందో కూడా చెప్పాలి. 1947లో మ్యూజిక్ ఔట్ ఆఫ్ ది మూన్ అని ఒక ఆల్బమ్ వచ్చింది. థెరెమిన్ వాయించింది మళ్ళీ మన పాదాల డాక్టరు హాఫ్‌మనే. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి అది ఇష్టం. 1969లో అపోలో 11లో క్యాసెట్ తీసుకెళ్ళి చంద్రుడి నుంచి తిరిగొస్తూ వేసుకున్నాడు. సినిమాల్లో అంతరిక్షానికి గొంతైన వాయిద్యం అలా నిజంగా అంతరిక్షంలో మోగింది.

అంతకన్నా పెద్ద సంగతి 2001లో జరిగింది. రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ జైత్సెవ్ బృందం క్రిమియాలోని యెవ్‌పతోరియా రేడియో టెలిస్కోప్ నుంచి మన సూర్యుడి లాంటి కొన్ని నక్షత్రాల వైపు ఒక సందేశం పంపింది. అందులో ఒక భాగం థెరెమిన్ కచేరీ. వాయించినవాళ్ళలో లిడియా కవీనా ఉంది. థెరెమిన్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, దాని స్వరం దాదాపు స్వచ్ఛమైన సైన్ వేవ్. అన్ని కాంతి సంవత్సరాలు ప్రయాణించాక కూడా రొదలోంచి ఏరుకోవడం తేలిక. గ్రహాంతరవాసులు మన మీదికి వస్తున్నప్పుడు వినిపించే సౌండ్‌గా సినిమాలు దాన్ని యాభై ఏళ్ళు వాడుకున్నాయి. ఈసారి మనమే దాంతో వాళ్ళని పలకరించాం.

ఆ కచేరీలో సెయిన్-సాన్స్ రాసిన హంస అనే చిన్న సంగీత రచన ఒకటి ఉంది. అది చెల్లో కోసం రాసింది. చెల్లో నేర్చుకున్న పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు వాయించేదే. ఆ తరంగాలు ఇప్పుడు ఎక్కడో చీకట్లో వెళ్తున్నాయి. అన్నిటికన్నా దగ్గర నక్షత్రానికి 2047 ప్రాంతంలో చేరతాయి. అప్పటికి నాకు నలభై దాటుతుంది. అక్కడ వినేవాళ్ళుంటే, వాళ్ళకి హాలీవుడ్ తెలియదు, ఎగిరే పళ్ళాలు తెలియవు. ఆ స్వరం వింటే భయపడాలని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.